రెండు లక్షల్లో మంచి సౌండ్ సిస్టమ్: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో, మేడ మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గది ఉంది. శ్లాబు ఎత్తు 10 అడుగులు. 2 లక్షలు పక్కన పెట్టారు. స్పీకర్లకెంత, యాంప్లిఫయర్‌కెంత, వెండి వైర్లు వేస్తే తేడా తెలుస్తుందా?

వెండి వైర్లు వద్దు. ముందు గది, తర్వాత కరెంటు, ఆ తర్వాత స్పీకర్లు. మిగిలినదాంట్లో యాంప్లిఫయర్. ఈ వరస విని హైఫై షాపు వాళ్లు నవ్వొచ్చు గానీ, మన ఊళ్లో ఉండి పాట వినేవాడికి ఇదే సరైన వరస.

నాదీ ఈ ఊరే. మా నాన్నది మైకుసెట్టు వ్యాపారం. ఇటు ఒరియా వాళ్ల పెళ్లికైనా అటు సరిహద్దు దాటి పాతపట్నంలో తెలుగు వాళ్ల పెళ్లికైనా అవే అహూజా యాంప్లిఫయర్లు, అవే గొట్టం స్పీకర్లు. ఖాళీ కల్యాణ మండపంలో ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటే ఆ మాట గోడలకి తగిలి గందరగోళంగా వినిపించేది. ముహూర్తం వేళకి జనం నిండాక అదే సెట్టు, అదే వాల్యూమ్‌లో ముత్యాల్లా పలికేది. జనం వచ్చాక సరిపోతుందిలే అని నాన్న బాస్, ట్రెబుల్ ముట్టుకునేవాడే కాదు.

నాన్నకి అనుభవంతో తెలిసిన సంగతిని లెక్కలోకి తెచ్చినవాడు వాలెస్ సబైన్. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పేవాడు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక మాట అంటే అది అయిదున్నర సెకన్ల దాకా వినిపించేదట, పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. సంగతి తేల్చమని సబైన్‌కి అప్పగించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని శబ్దం ఎంతసేపు ఉంటోందో కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్లీ థియేటర్‌కి చేర్చాలి. ఆ కొలతల్లోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నాం: గది ఘనపరిమాణాన్ని (ఘనపు మీటర్లలో) 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలంతో (చదరపు మీటర్లలో) భాగిస్తే, గదిలో మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది.

మీ గదికి వేసి చూద్దాం. ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు. చుట్టూ సిమెంటు ప్లాస్టరింగ్, కింద టైల్స్. ఇవి శబ్దాన్ని పీల్చేది నూటికి రెండు మూడు వంతులే. సామాను లేకుండా ఉంటే మోత రెండు సెకన్లు దాటుతుంది. పాట వినే గదిలో అది అర సెకను లోపే ఉండాలి. 2 లక్షల స్పీకరైనా 20 లక్షల స్పీకరైనా ఈ గదిలో బాత్‌రూమ్ పాటే పాడుతుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బెంగళూరు నుంచి ప్యానెళ్లు తెప్పిస్తే రవాణాతోనే తల ప్రాణం తోకకొస్తుంది. నేను వడ్రంగి చేత రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, నాలుగంగుళాల లోతుతో చట్రాలు కొట్టించాను. పరుపులు కుట్టే సాయిబు గారి దగ్గర దూది ఏకించి అందులో నింపాను. మరీ దట్టంగా కూరకూడదు, మరీ వదులైతే కిందికి జారిపోతుంది. మధ్యలో నవ్వారు అడ్డంగా కట్టి పైన పలచటి నూలు చీర బిగించాం. గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తాయి, వానాకాలం చెమ్మా పట్టదు. చెదలకి మందు మాత్రం మర్చిపోవద్దు, స్విచ్ బోర్డుల దగ్గర పెట్టొద్దు.

ఎక్కడ పెట్టాలో తెలియడానికి అద్దం చాలు. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు పక్కగోడ మీద అద్దాన్ని జరుపుతూ వెళ్లాలి. అందులో మీకు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక చట్రం. రెండు వైపులా, వీలైతే శ్లాబుకీ.

ఆన్‌లైన్లో దొరికే అంగుళం మందం గుడ్ల ట్రే ఫోమ్ కొనకండి. అది కీచుమనే శబ్దాల్ని మాత్రమే తగ్గిస్తుంది, బాస్‌ని, అంటే లోతైన శబ్దాల్ని, ఏమీ చేయలేదు. అసలు తంటా బాస్‌తోనే. శబ్దం సెకనుకి సుమారు 346 మీటర్లు పోతుంది. రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో దాన్ని భాగిస్తే ఆ గోడల మధ్య ఏ స్వరం ఊగుతుందో తెలుస్తుంది. మీ 12 అడుగులకి సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకి 47 ఊపులు), 10 అడుగులకి 57 హెర్ట్జ్. మీ గదికి వెడల్పూ 10, ఎత్తూ 10. ఒకే స్వరం రెండు వైపులా ఊగుతుందన్నమాట. మృదంగం ఎడమవైపు, బాస్ గిటార్ ఆ దరిదాపుల్లోకి వచ్చినప్పుడల్లా ‘బుంయ్’ మంటుంది. 57 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్లు. దాన్ని ఫోమ్‌తో పీల్చాలంటే అందులో పావు వంతు, అంటే ఒకటిన్నర మీటరు మందం కావాలి, ఇక గదిలో మీకు చోటుండదు.

కాబట్టి పరికరాల్నీ మిమ్మల్నీ జరపాలి. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటే బాస్ మీద పడుతుంది, గది నట్టనడుమ కూర్చుంటే ఆ 47 మాయమైపోతుంది. మీ గదిలో వెనక గోడకి నాలుగున్నర అడుగుల ఎడంలో కుర్చీ వేసి, అక్కణ్ణుంచి అటూ ఇటూ జరిపి చూడండి. స్పీకర్లు 10 అడుగుల గోడ వైపు పెట్టండి. బాస్ పలికే వూఫర్ విడిగా కొంటే ఒక చిట్కా ఉంది: వూఫర్‌ని మీ కుర్చీలో కూర్చోబెట్టి, బాస్ ఉన్న పాట పెట్టి, మీరు గోడల వెంబడి నేల మీద పాకుతూ వినండి. ఎక్కడ బాస్ సాఫీగా వినిపిస్తే వూఫర్ చోటు అదే. నేను అలా పాకుతుండగా మా బావ లోపలికొచ్చి, ఏమైనా పారేసుకున్నావా బావా అన్నాడు. విషయం చెప్పాక కూడా నమ్మినట్టు లేడు. కొలిచి చూడాలనుకుంటే గదిలో శబ్దాన్ని కొలిచే ఆర్ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, యూఎస్‌బీ కొలత మైకు ఒకటి కొనాలి. ఒక్కో స్వరాన్ని విడిగా హెచ్చించి తగ్గించే ఈక్వలైజర్‌తో పైకి లేచిన స్వరాన్ని దించొచ్చు గానీ, గది మింగేసిన స్వరాన్ని పైకి లేపలేం.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మన జిల్లాలో ఇన్వర్టర్ లేని ఇల్లు ఇల్లే కాదన్నట్టు అయింది. చవక ఇన్వర్టర్లు కరెంటుని సాఫీ అల (సైన్ వేవ్)లా కాకుండా మెట్లు మెట్లుగా (స్క్వేర్ వేవ్) ఇస్తాయి, దాని మీద యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ కందిరీగల తుట్టెలా మోగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, లేదా పాటల గదికి ఇన్వర్టర్ లైన్ ఇవ్వకండి. ఎర్తింగ్ తప్పకుండా చూపించుకోండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు. మించితే గొయ్యిలో బొగ్గూ ఉప్పూ అయిపోయాయో, ఎక్కడ జాయింటు వదులైందో ఎలక్ట్రీషియన్ తేల్చాలి. స్పీకర్లలో సన్నగా ‘గుంయ్’ వస్తుంటే డిష్ కేబుల్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ మోత పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లు మన బజార్లో ఉన్నారు. వాళ్ల మాట వినకండి, ప్రాణాల మీదికొస్తుంది.

వైర్ల సంగతి రెండు ముక్కల్లో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మూడు మీటర్లు వేస్తే పోనూ రానూ కలిపి నిరోధం సుమారు 0.04 ఓములు. మీ స్పీకర్ 8 ఓములు. వెండిలో నిరోధం రాగి కన్నా ఓ ఆరు శాతం తక్కువ, అంతే. ఆ 0.04లో ఆరు శాతం ఎంతో మీరే చూసుకోండి.

మిగిలిన డబ్బులో సగానికి పైగా స్పీకర్లకే పెట్టండి. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ తర్వాత హర్మన్ అనే ఆడియో కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. పేరు, ధర కనపడనప్పుడు ఎక్కువమంది ఒకే రకం స్పీకర్లని మెచ్చుకున్నారు: ఎదురుగా సమంగా, పక్కలకి కూడా సాఫీగా పలికేవాటిని. మీ గదికి ఆరంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ (చిన్న పెట్టె) స్పీకర్ల జత, గట్టి స్టాండ్లు చాలు. నిలువెత్తు స్పీకర్లు ఆ గదిలో బాస్‌తో ఊపిరాడనివ్వవు.

స్పీకర్లో ఊగే గరాటు లాంటి కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదే కావాలని గట్టిగా అడగండి. ఫోమ్ అంచు మన వేడికీ చెమ్మకీ పదేళ్లు తిరిగేసరికి వేలితో తాకితే పొడిపొడిగా రాలుతుంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లయితే ముందు జాలీ తీసి అదే చూడాలి.

విశాఖ షోరూముకి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త. రెండు జతలు పోల్చేటప్పుడు ఒకటి రవ్వంత గట్టిగా పెడితే అదే బాగున్నట్టనిపిస్తుంది. శబ్దం తగ్గితే చెవికి బాస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు చూపించారు. ఒక దుకాణంలో ఖరీదైన జత పెట్టే ముందు కుర్రాడి చెయ్యి వాల్యూమ్ మీదికి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని రెండూ సమానం చేయించండి. సీడీ కన్నా ఎక్కువ వివరంతో ఉండే హై రిజల్యూషన్ పాటల ఫైళ్ల కోసమైతే అసలు ఆరాటపడొద్దు. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలో వాటికీ సీడీ నాణ్యతకీ తేడాని విన్నవాళ్లు 554 సార్లలో 276 సార్లే సరిగ్గా పట్టారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

మీరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, ఘంటసాల గారి పాత పాటలు ఎక్కువ వింటారన్నారు కదా. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డుల్లో అట్టడుగు బాసూ లేదు, పై కొసలూ లేవు. ఉన్నదంతా మధ్యలోనే. అలాంటివి వినడానికి మధ్య స్వరాలు నిజాయితీగా పలికే స్పీకర్ కావాలి. దాన్ని వూఫర్‌తో ఉబ్బించకండి.

యాంప్లిఫయర్‌కి 50 వాట్లు ధారాళం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగినట్టు ఉంటుందంతే, ఆ డబ్బుతో ఇంకో నాలుగు చట్రాలు చేయించుకోవచ్చు. కొనేముందు సర్వీసు సెంటర్ విశాఖలో ఉందో, భువనేశ్వర్‌లో ఉందో, ఎక్కడా లేదో కనుక్కోండి. బిల్లు ఆంధ్రలో, ఇల్లు ఒడిశాలో అంటే వారంటీ దగ్గర పేచీ పెట్టేవాళ్లున్నారు, ముందే రాయించుకోండి. అట్టపెట్టె, థర్మోకోల్ పారేయకండి. రిపేరుకి బస్సు మీద పంపాల్సొస్తే అవే దిక్కు.