పురుగు తిత్తి ఉన్న కాలేయం పెట్టించుకోవచ్చా?

ప్ర: మా మామయ్యకు కాలేయం మార్చాలన్నారు. నాగ్‌పూర్‌లో పేరు రాయించాం. దాత కాలేయంలో పురుగు తిత్తి ఉన్నా ఒక్కోసారి అదే పెడతారట. ఆ పురుగు మామయ్యకు రాదా?
– ఒక పాఠకురాలు, బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జ: మీరు విన్నది హైడాటిడ్ తిత్తి గురించి అయివుంటుంది. గొర్రెను కోసినచోట పారేసిన కార్జం తిన్న కుక్క పేగుల్లో ఈ పురుగు పెరుగుతుంది. కుక్క మలంలోని గుడ్లు మన నోట్లో పడితే కాలేయంలో తిత్తి కడుతుంది. మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటదు. కానీ ఇక్కడ తిత్తి ఉన్న అవయవాన్నే పెడుతున్నారు కదా! అందుకే అది బతికుందా, చచ్చిందా అన్నది ముందు తేలాలి.

అల్ట్రాసౌండ్‌లో దీన్ని 5 దశలుగా చూస్తారు. 1, 2 దశల్లో లోపల తేట నీరు, ద్రాక్షపళ్లలాంటి పిల్ల తిత్తులు ఉంటాయి. అలాంటి కాలేయం జోలికి పోకపోవడమే మంచిది. 3 ఎటూ తేలనిది. 4లో లోపల గట్టిపడుతుంది, 5లో గోడ సున్నం పట్టి కోడిగుడ్డు పెంకులా అవుతుంది. ఈ చివరి రెండు దశల్లో, ఒకటే తిత్తి అంచున ఉండి, పెద్ద రక్తనాళాలకూ పైత్యనాళానికీ దూరంగా ఉంటే ఆలోచించవచ్చు.

బయటికి తీసిన కాలేయాన్ని మంచులో పెట్టిన ద్రావణంలో, 4 డిగ్రీల చలిలో ఉంచి, తిత్తిని గోడతో సహా కోసేస్తారు. సూది గుచ్చరు, బతికున్న తిత్తి అయితే చిందిన నీటిలోంచే కొత్త తిత్తులు మొలుస్తాయి. ఆపైన పైత్యనాళంలోకి సెలైన్ ఎక్కించి, కోసినచోట ఎక్కడ కారుతోందో చూసి కుడతారు. ఈ పనిలో తొందరపడితే తర్వాత పైత్యం కారుతుంది, ఆ బాధ పురుగుకన్నా ఎక్కువ.

తర్వాత ఈ పురుగును చంపే ఆల్బెండజోల్ మందు ఇస్తారు. పెద్దలకు మామూలు మోతాదు 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, నూనో నెయ్యో ఉన్న భోజనంతో. పరగడుపున వేసుకుంటే ఒంటికి పట్టదు. ఈ మందు కాలేయ ఎంజైములను పెంచగలదు. అవి పెరిగితే తప్పు మందుదా, ఒళ్లు కొత్త కాలేయాన్ని తిప్పికొడుతోందా అన్నది తేల్చుకోవాలి, కాబట్టి రక్తపరీక్షలు మానొద్దు. ఈ తిత్తి ఊపిరితిత్తుల్లోనూ కట్టగలదు, కాబట్టి సంతకం పెట్టేముందు తిత్తి ఏ దశ, దాత ఊపిరితిత్తులు చూశారా అని అడగండి.

ప్ర: దాతకు గతంలో మలేరియా వచ్చి తగ్గిందట. పరవాలేదా?
– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జ: అంతమాత్రాన వద్దనక్కర్లేదు. అయితే వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయ కణాల్లోనే నిద్రపోతుంది, దాత రక్తంలో దొరకదు. ఆపరేషనయిన కొన్ని వారాలకో నెలలకో చలిజ్వరం వస్తే రక్తం స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలకపై పరిచి క్రిమి కోసం చూసే పరీక్ష) చేయమనండి. నిద్రపోయే క్రిమిని చంపేది ప్రైమాక్విన్, 14 రోజుల కోర్సు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి ఆ మందుతో ఎర్రకణాలు పగిలిపోతాయి కనుక ముందు ఆ పరీక్ష కావాలి. అది కూడా ఆపరేషన్‌కు ముందే, రక్తం ఎక్కించకముందే చేయించండి. ఎక్కించాక చేస్తే రిపోర్టు ఎదుటివాళ్ల రక్తానిదవుతుంది.