చైనా దుంగలు, మన దుంగలు: పోల్చేదెలా?

ప్రశ్న: ఎం.కామ్ ప్రాజెక్టు కోసం భారత్, చైనా కలప దిగుమతులను పోలుస్తున్నాను. కస్టమ్స్ పట్టికలో 44వ అధ్యాయం (కలప, కలప వస్తువులు) మొత్తాన్ని డాలర్లలో పక్కపక్కన పెడితే చాలా? – విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చాలదు. వంటచెరకు, చిప్స్ (కలప తునకలు) దగ్గర్నుంచి తలుపుల దాకా అన్నీ ఆ అధ్యాయంలోనే ఉంటాయి. డాలరు చిప్స్‌లో ఉన్న కలప, డాలరు వెనీర్‌లో ఉండదు. 4403 (దుంగలు), 4407 (కోత కలప), 4408 (వెనీర్, అంటే పలుచని కలప పొరలు), 4412 (ప్లైవుడ్) విడివిడిగా, ఘనపు మీటర్లలో తీసుకోండి. తర్వాత అన్నింటినీ దుంగల్లోకి మార్చండి: కోత కలపను 1.82తో, వెనీర్‌ను 1.9తో, ప్లైవుడ్‌ను 2.3తో గుణించాలి. 100 ఘ.మీ. దుంగలు, 100 ఘ.మీ. కోత కలప కలిస్తే 200 కాదు, 282.

సంవత్సరం దగ్గర చాలామంది జారిపోతారు. మనది ఏప్రిల్–మార్చి, వాళ్లది జనవరి–డిసెంబరు. నెలవారీ అంకెలు తీసుకుని మీరే కూడుకోండి. ఇంకొకటి: న్యూజిలాండ్ చూపే ఎగుమతి విలువ కంటే మనం చూపే దిగుమతి విలువ ఎక్కువగా ఉంటే కంగారు పడొద్దు. వాళ్లు ఓడ ఎక్కించేవరకు అయిన ధర రాస్తారు, మనం ఓడ కిరాయి, బీమా కూడా కలిపి రాస్తాం. దుంగలు చోటు తినే సరుకు కాబట్టి కిరాయి భాగం పెద్దదే.

అసలు తేడా అంకెల వెనక ఉంది. 1998లో యాంగ్జీ వరదల తర్వాత చైనా సహజ అడవుల నరికివేతకు కళ్లెం వేసింది, మరుసటి ఏడాది దుంగలపై దిగుమతి సుంకం తీసేసింది. 2017 నాటికి సహజ అడవుల్లో వాణిజ్య నరికివేత దేశమంతటా ఆగింది. బయటి నుంచి వచ్చిన దుంగల్లో కొంత ప్లైవుడ్‌గా, ఫర్నిచర్‌గా మళ్లీ ఓడ ఎక్కుతుంది. అందువల్ల 4412తోపాటు 9403లోని కలప ఫర్నిచర్ ఎగుమతులనూ చూపకుండా చైనా 'వాడకం' గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. మనకు 1988 అటవీ విధానం, 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు అడవుల నరికివేతకు అడ్డుకట్ట వేశాయి. ఇక్కడికొచ్చే కలప ఎక్కువగా గుమ్మాలకు, ప్యాకింగ్ పెట్టెలకు దేశంలోనే ఖర్చవుతుంది. కోత కలప కంటే దుంగల మీద సుంకం తక్కువ. కాండ్లా రేవు పక్కన గాంధీధామ్‌లో అన్ని కోత మిల్లులు వెలియడానికి అదొక కారణం.

గ్రాఫు ఒక్కసారిగా పడిపోతే కోడ్ మారిందేమో ముందు చూడండి. 2014 ఏప్రిల్ 1న మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. మన ప్లైవుడ్ కంపెనీలు అక్కడే వెనీర్ యూనిట్లు పెట్టుకున్నాయి. ఆ కలప 4403 వదిలి 4408లో కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి రష్యా ముడి సాఫ్ట్‌వుడ్ (పైన్ లాంటి చెట్ల) దుంగలను ఆపినప్పుడు చైనా లెక్కనూ ఇలాగే 4407తో కలిపి చూడాలి.

ప్రశ్న: మా డిపోకు వచ్చే టేకు బిల్లులో హాపస్ ఘనపు మీటర్లు అని ఉంటుంది. ప్రభుత్వ లెక్కల్లోని ఘనపు మీటరు ఇదేనా? – టింబర్ డిపో యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: కాదు. హాపస్‌లో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వర్గం చేసి, పొడవుతో గుణిస్తారు. 120 సెం.మీ. చుట్టుకొలత, 3 మీటర్ల పొడవున్న దుంగ 0.30 × 0.30 × 3 = 0.27 వస్తుంది. గుండ్రని దుంగగా లెక్కిస్తే అసలు ఘనపరిమాణం 0.344. అంటే హాపస్ చూపేది 78.5 శాతమే, కోతలో పోయే అంచు పలకలను ముందే తగ్గించినట్టు. మీ బిల్లులోని 100ను 1.273తో గుణిస్తే అసలు ఘనపు మీటర్లు 127.3. అడుగుల్లోకి మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: ఒక అసలు ఘనపు మీటరు 35.315 ఘనపుటడుగులు. హాపస్ అంకెను నేరుగా దీంతో గుణిస్తే వచ్చేవి హాపస్ అడుగులే. వాటిని అసలు అడుగులనుకుని ధర కడితే లెక్క అయిదో వంతుకు పైగా తప్పుతుంది. బెరడుకు, దాని కింది తెల్లచెక్కకు ఎంత తగ్గించి కొలిచారో అమ్మినవాళ్లను అడిగి బిల్లు మీదే రాయించుకోండి.