కీమో మానేసి వాల్‌నట్ క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ అన్నారు. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. వాల్‌నట్స్‌లో క్యాన్సర్‌ను చంపే పదార్థాలున్నాయని మా ఆడపడుచు వాట్సాప్‌లో వీడియో పంపింది. వాల్‌నట్ పచ్చి తొక్క సారంతో చేసిన క్యాప్సూల్స్ కూడా తెప్పించింది. అవి వాడితే మిగతా కీమో అక్కర్లేదంటోంది. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కీమో మాత్రం మానొద్దమ్మా. క్యాప్సూల్స్ పక్కన పెట్టేయండి. వాల్‌నట్స్ అంటారా, నిక్షేపంగా పెట్టండి.

ఆ వీడియోలోదంతా కట్టుకథేమీ కాదు. వాల్‌నట్ పప్పును అంటుకుని పల్చటి గోధుమరంగు పొర ఉంటుంది చూడండి, వగరుగా ఉందని కొందరు గిల్లి పారేస్తారు. ఎల్లాజిటానిన్లు అనే సహజ రసాయనాలు ఎక్కువగా ఉండేది అందులోనే. కడుపులోకి వెళ్లాక అవి ఎల్లాజిక్ ఆమ్లంగా మారతాయి. దాన్నుంచి పేగుల్లోని బ్యాక్టీరియా యూరోలిథిన్లను తయారుచేస్తుంది. వీటిలో యూరోలిథిన్-ఎ వాపును తగ్గించడం, క్యాన్సర్ కణాల పెరుగుదలకు అడ్డుపడటం ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ పని చేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఒకేలా ఉండదు. ఒకే గుప్పెడు తిన్నా ఒకరిలో యూరోలిథిన్-ఎ బాగా తయారవుతుంది, మరొకరిలో నామమాత్రమే.

మీవారి లాంటి వాళ్ల మీదే అమెరికాలో ఒక పరిశీలన జరిగింది. 2018లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 826 మందిలో వారానికి 57 గ్రాములు, అంతకు మించి నట్స్ తిన్నవారికి జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. వాల్‌నట్, బాదం వంటివి తిన్నవారిలోనే ఈ తేడా, వేరుశనగతో కనిపించలేదు. మేలు నట్స్ వల్లే జరిగిందని దీంతో తేల్చలేం, అవి తినేవాళ్లకు మిగతా అలవాట్లూ బాగుండి ఉండొచ్చు. ఇంకో సంగతి, వాళ్లంతా ఆపరేషన్ తర్వాత కీమో తీసుకున్నవాళ్లే. వీడియోలు చేసేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు.

నా భయమంతా ఆ క్యాప్సూల్స్ గురించే. పచ్చి తొక్కలో జుగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. వాల్‌నట్ చెట్టు కింద కొన్ని మొక్కలు బతకనిది దీనివల్లే. గాజు పాత్రలో క్యాన్సర్ కణాలను చంపుతుంది, నిజమే. మంచి కణాలకూ అది విషమే. మనిషికి ఎంత మోతాదు క్షేమమో తేల్చిన పరీక్షలు లేవు. కీమో మందులతో ఇప్పటికే భారం మోస్తున్న కాలేయం మీద దీన్ని రుద్దడం దేనికి?

పప్పు రోజుకు మూడు నాలుగు కాయలది చాలు. ఏడు కాయల పప్పు దాదాపు 28 గ్రాములు తూగుతుంది, అందులోనే 185 కేలరీలుంటాయి. నోరు పూసి ఉంటే నానబెట్టి, మెత్తగా రుబ్బి పెరుగులో కలపండి. తెల్లకణాలు బాగా పడిపోయినప్పుడు పచ్చివి పెట్టొచ్చో లేదో మీ ఆంకాలజిస్టును అడగండి. నట్స్ అలర్జీ ఉంటే అసలొద్దు. ఒలిచిన పప్పు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముక్కిన వాసన వచ్చినా, బూజు పట్టినా పారేయాల్సిందే. బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కే కారణమవుతుంది.

ఆయన ఇప్పటికే ఆ క్యాప్సూల్స్ కొన్ని వేసుకుని ఉంటే దాచొద్దు. వచ్చే కీమోకి వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. అవసరమనుకుంటే కాలేయం పనితీరు తెలిపే రక్తపరీక్ష చేయించి, ఆ తర్వాతే కీమో ఎక్కిస్తారు.