నడిసముద్రంలో నెట్: జేబుకు చిల్లు పడకుండా

క్రూజ్ ఓడల్లో ఇంటర్నెట్ గురించి వచ్చిన ప్రశ్నల్లో ఒకే రకమైనవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ప్యాకేజీల పేర్లు, ధరలు కంపెనీని బట్టి, ప్రయాణాన్ని బట్టి మారుతుంటాయి. లెక్క వేసుకునే పద్ధతి మాత్రం ఏ ఓడలోనైనా ఒకటే.

ప్రశ్న: డేటా రోమింగ్ ఆపేసుకుంటే సరిపోదా? ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలని అందరూ ఎందుకు చెబుతారు?

సరిపోదు. రోమింగ్ స్విచ్ డేటాను మాత్రమే ఆపుతుంది, కాల్స్‌ని ఆపదు. పెద్ద ఓడల్లో సొంత సెల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఓడంతా అక్కడక్కడ చిన్న యాంటెన్నాలు, వాటి వెనక ఉపగ్రహ లింకు. తీరం దాటి కొంతదూరం వెళ్ళాక దాన్ని ఆన్ చేస్తారు, రేవు దగ్గరపడుతుంటే ఆపేస్తారు. ఆన్‌లో ఉన్నప్పుడు ఫోన్ మీద ‘సెల్యులార్ ఎట్ సీ’ లాంటి పేరో, 901తో మొదలయ్యే అంకెలో కనిపిస్తాయి. 901 అనేది ఏ ఒక్క దేశానికీ చెందని కోడ్. అందుకే, సముద్రానికని విడిగా అమ్మే క్రూజ్ ప్యాక్ ఉంటే తప్ప, మీరు దేశాల పేర్లు చూసి కొన్న రోమింగ్ ప్యాక్ అక్కడ పనికిరాదు. ఐరోపా సమాఖ్యలో 2017 నుంచి అమల్లో ఉన్న ‘ఇంటి రేటుకే రోమింగ్’ నిబంధన కూడా నేలమీది టవర్లకే వర్తిస్తుంది, ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుకు కాదు.

మీరు కాల్ ఎత్తకపోయినా ఖర్చు తప్పకపోవచ్చు. ఫోన్ నెట్‌వర్కులో నమోదై ఉన్నప్పుడు వచ్చిన కాల్ వాయిస్‌మెయిల్‌కి మళ్ళితే, కొందరు ఆపరేటర్లు రావడానికొకటి, తిరిగి పోవడానికొకటి అని రెండు చార్జీలు వేస్తారు.

కాబట్టి ఓడ కదలకముందే ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై, బ్లూటూత్ మాత్రం విడిగా ఆన్ చేసుకోండి. ఫోన్ సంగతి చూసుకున్నవాళ్ళు కూడా సిమ్ ఉన్న ట్యాబ్‌ని, ఈ-సిమ్ (కార్డు లేకుండా పరికరంలోనే ఉండే సిమ్) ఉన్న చేతి వాచీని మర్చిపోతారు. వాటికీ ఫ్లైట్ మోడ్ పెట్టాలి.

ప్రశ్న: మేం నలుగురం, 7 రాత్రుల ప్రయాణం. నాలుగు ఫోన్లు, ఒక ట్యాబ్. ఎన్ని వైఫై ప్యాకేజీలు కొనాలి?

ముందు ప్రయాణ పట్టిక తీసి, పూర్తిగా నీళ్ళ మీదే ఉండే రోజులెన్నో చూడండి. 7లో 3 అలాంటివైతే, మిగతా 4 రోజులూ పగలు ఏదో ఒక రేవులో నేలమీది నెట్ దొరుకుతుంది. అంటే ఓడ వైఫై నిజంగా కావలసింది 3 రోజులకే. ఒక్కరోజు పాస్ అమ్మే కంపెనీ అయితే ఇక్కడే పెద్ద ఆదా. మొత్తం ప్రయాణానికి కొన్నప్పుడు రోజుకు పడే ధరను 1 అనుకోండి. రోజు పాస్ దానికి ఒకటిన్నర రెట్లున్నా, 3 పాస్‌లకు అయ్యేది 4.5, మొత్తానికి కొంటే 7. నాలుగు పాస్‌ల దాకా (6) పాస్‌లే చవక, ఐదో పాస్ (7.5) దగ్గర లెక్క తిరగబడుతుంది. కొన్ని కంపెనీలు మొత్తం ప్రయాణానికే అమ్ముతాయి. అక్కడ ఈ ఎత్తు పారదు.

రోజు పాస్ 24 గంటలదా, క్యాలెండర్ రోజుదా అన్నది కూడా అడగండి. 24 గంటలదైతే ఉదయం కాకుండా సాయంత్రం 5కి మొదలుపెట్టండి. ఆ రాత్రి, మర్నాడు పొద్దున, మధ్యాహ్నం అన్నీ అందులోకే వస్తాయి. ఉదయం మొదలుపెడితే మర్నాడు లేచేసరికే అయిపోతుంది.

ఏది కొన్నా ఓడ ఎక్కకముందే, కంపెనీ సైటులోనో యాప్‌లోనో కొనండి. ఎక్కాక కౌంటర్ దగ్గర కొంటే చాలా కంపెనీల్లో ఎక్కువే. ముందుగా కొన్నదాన్ని ప్రయాణానికి ముందు రద్దు చేసుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అందుకని కొన్నాక కూడా మధ్యమధ్యలో ధర చూస్తూ, తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు.

ఇక అయిదు పరికరాల సంగతి. చాలా కంపెనీల్లో ‘ఒక పరికరం’ ప్యాకేజీ అంటే ఒకేసారి ఒకటి అని, ఎప్పటికీ ఒకే ఫోన్ అని కాదు. మీ ఫోన్‌లో లాగౌట్ అయి, అదే వివరాలతో మీ ఆవిడ ఫోన్‌లో లాగిన్ కావచ్చు. గంటసేపు ఉత్తరాలు, వార్తలు చూసుకునే కుటుంబానికి ఒకటి చాలు. పిల్లలు పేచీ పెట్టేలా ఉంటే రెండు. లాగౌట్ బటన్ నొక్కకుండా వైఫై మాత్రం ఆపేస్తే సర్వర్ లెక్కలో మీరింకా లోపలే ఉంటారు. అప్పుడు రెండో ఫోన్‌కి ‘పరిమితి దాటింది’ అని వస్తుంది. లాగౌట్ పేజీ చిరునామాను మొదటి రోజే బుక్‌మార్క్ చేసుకోండి.

ఒక పరికరమే వాడుతున్నా ఇదే మాట వస్తే తప్పు సాధారణంగా ఫోన్ సెట్టింగుది. ఐఫోన్‌లో ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’, ఆండ్రాయిడ్‌లో ‘రాండమైజ్డ్ మ్యాక్’ అనేవి నెట్‌వర్కుకు అసలు గుర్తింపు సంఖ్య బదులు మారుపేరు చూపిస్తాయి. ఆ మారుపేరు మారిందంటే ఓడ సర్వర్‌కి మీది కొత్త ఫోన్. వైఫై సెట్టింగుల్లో ఆ ఒక్క నెట్‌వర్కు వివరాల్లోకి వెళ్ళి ఐఫోన్‌లో (ఐఓఎస్ 18 నుంచి) ‘ఫిక్స్‌డ్’ అనో ‘ఆఫ్’ అనో, ఆండ్రాయిడ్‌లో ‘డివైస్ మ్యాక్’ అనో పెట్టండి. లాగిన్ కాకముందే ఇది చేయాలి. మధ్యలో మారిస్తే మళ్ళీ కొత్త పరికరం కిందే లెక్క.

ప్రశ్న: ఒక ప్యాకేజీని హాట్‌స్పాట్‌తో అందరికీ పంచుకోవచ్చా? చిన్న ట్రావెల్ రౌటర్ తీసుకెళ్తే?

సాంకేతికంగా అయితే, విండోస్ ల్యాప్‌టాప్ ‘మొబైల్ హాట్‌స్పాట్’ తాను అందుకున్న వైఫైని మరో 8 పరికరాల దాకా పంచగలదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లూ ఈ పని చేస్తాయి. ఐఫోన్ చేయదు, దాని హాట్‌స్పాట్ సిమ్ డేటాను మాత్రమే పంచుతుంది, ఫ్లైట్ మోడ్‌లో సిమ్ డేటా ఉండదు.

అయితే చేయగలగడం వేరు, ఒప్పుకోవడం వేరు. చాలా కంపెనీలు రౌటర్లను, ఉపగ్రహ డిష్‌లను నిషేధిత వస్తువుల జాబితాలో పెట్టాయి. ఎక్కేటప్పుడు స్కానర్ దగ్గర దొరికితే దిగేదాకా వాళ్ళ దగ్గరే ఉంటుంది. హాట్‌స్పాట్ గురించి వైఫై ఒప్పందంలో ఏముందో చదవండి. కూడదని ఉంటే వదిలేయండి. లాగౌట్-లాగిన్ పద్ధతికి ఖర్చూ లేదు, గొడవా లేదు.

ప్రశ్న: వైఫై కలిసినట్టే చూపిస్తుంది, కానీ లాగిన్ పేజీ మాత్రం రాదు. ఏం చేయాలి?

చాలావరకు కారణం మీ ఫోన్‌లోని రక్షణ కవచాలే. ఓడ సర్వర్ మీ మొదటి అభ్యర్థనను మధ్యలో పట్టుకుని తన పేజీ వైపు మళ్ళించాలి. వీపీఎన్ (నెట్ రాకపోకల్ని దాచిపెట్టే యాప్), ఆండ్రాయిడ్‌లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’, ఐఫోన్‌లో ‘ప్రైవేట్ రిలే’ దాన్ని పట్టుకోనివ్వవు. మూడూ ఆపండి. ఫోన్ వైఫై సెట్టింగుల్లో ఓడ నెట్‌వర్కును ‘ఫర్గెట్’ చేసి మళ్ళీ కలపండి. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో భద్రతా తాళం లేని సైటు ఏదైనా తెరవండి. ‘నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్’ సరిగ్గా ఈ పనికే పెట్టిన సైటు. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్ళీ ఆన్ చేసుకోండి. చవక ప్యాకేజీల్లో కొన్నిసార్లు వీపీఎన్‌ని అడ్డుకుంటారు, ఆఫీసు పని ఉన్నవాళ్ళు కొనేముందే అడగాలి.

ప్రశ్న: నడిసముద్రంలో బ్యాంకు ఓటీపీ ఎలా వస్తుంది?

ఫ్లైట్ మోడ్‌లో మామూలు ఎస్సెమ్మెస్ రాదు. దారి రెండు రకాలు.

ఒకటి వైఫై కాలింగ్. మీ ఆపరేటర్ విదేశాల్లోనూ దీన్ని అనుమతిస్తే, ఫ్లైట్ మోడ్‌లోనే, ఓడ వైఫై మీదుగా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు వస్తాయి. దీన్ని ఇంట్లో ఉండగానే ఆన్ చేసి, ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫైతో ఒక మెసేజ్ తెప్పించుకుని చూసుకోండి. కొందరు ఆపరేటర్లు దేశం దాటితే ఆపేస్తారు, కొందరు ఆ కాల్స్‌ని అంతర్జాతీయ రేటులో లెక్కేస్తారు. ఓడ ప్యాకేజీలో కూడా తేడా ఉంటుంది: సోషల్ మీడియాకే పరిమితమైన చవక ప్యాకేజీల్లో ఇది సాధారణంగా పనిచేయదు.

రెండోది, మీ బ్యాంకు ఒప్పుకుంటే, కోడ్లు పుట్టించే అథెంటికేటర్ యాప్. దీనికి నెట్టే అక్కర్లేదు, ఫోన్‌లోని గడియారమే ఆధారం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫ్లైట్ మోడ్‌లో ఫోన్ టవర్ నుంచి టైము తీసుకోదు, ఓడ టైమేమో మారుతుంది. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి గడియారాన్ని చేత్తో గంట ముందుకు జరుపుతారు. అంతే, కోడ్లన్నీ తప్పు. మార్చాల్సింది టైమ్‌జోన్‌ని, గడియారం ముల్లును కాదు. టైమ్‌జోన్ మారిస్తే పైకి గంట జరిగినట్టు కనిపించినా లోపలి ప్రపంచ సమయం చెక్కుచెదరదు, కోడ్లు సరిగ్గానే వస్తాయి.

ఇంకో మాట. ఉపగ్రహం ద్వారా వెళ్ళే నెట్ ఏ దేశంలో నేలమీద దిగితే బ్యాంకుకు మీరు ఆ దేశంలో ఉన్నట్టు కనిపిస్తారు. ఖాతా తాత్కాలికంగా బిగుసుకుపోవచ్చు. బిల్లుల చెల్లింపులు బయల్దేరేముందే ముగించుకోవడం మేలు.

ప్రశ్న: రేవుల్లో వాడుకోవడానికి ఈ-సిమ్ కొంటే ఓడలోనూ పనిచేస్తుందా?

మామూలు ప్రాంతీయ ఈ-సిమ్ నేలమీది టవర్లకే. అయితే తీరం వెంబడి సాగేటప్పుడు కొంతసేపు ఓడలోనూ అందుతుంది. పై డెక్ మీద, తీరం వైపు నిలబడితే 10 నుంచి 15 కిలోమీటర్ల దాకా ఆశపడొచ్చు. లోపలి క్యాబిన్‌లో ఇనుప గోడల మధ్య ఆశ పెట్టుకోకండి. రేవులోకి వచ్చే ముందు కొంతసేపు, వదిలిన తర్వాత కొంతసేపు మీవే.

ఈ-సిమ్‌ని ఇంటి వైఫైలో ఎక్కించుకోండి. ఎక్కించడానికే నెట్ కావాలి, ఓడలో దానికోసం ప్యాకేజీ కొనడం పిచ్చితనం. రేవులో దిగాక డేటా లైనుగా ఈ-సిమ్‌ని ఎంచుకుని దానికి మాత్రమే రోమింగ్ ఆన్ చేయండి. ఇంటి సిమ్ లైనును పూర్తిగా ఆపండి. దాన్ని ఆపకుండా ఉంచితే, ఐఫోన్‌లో ‘సెల్యులార్ డేటా స్విచింగ్’ ఆన్‌లో ఉన్నప్పుడు ఈ-సిమ్ సిగ్నల్ తగ్గగానే చడీచప్పుడు లేకుండా ఇంటి సిమ్ మీదకి దూకుతుంది. దాన్నీ ఆపాలి.

సరిహద్దుల దగ్గర ఇంకో తంటా ఉంది. కోస్, కియోస్, రోడ్స్ లాంటి గ్రీకు ద్వీపాలకు టర్కీ తీరం కూతవేటు దూరం. జిబ్రాల్టర్ జలసంధిలో స్పెయిన్‌కి ఎదురుగా మొరాకో. మీది ఐరోపా సమాఖ్య ప్యాక్ అయితే ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌ని పట్టుకున్న క్షణం నుంచి రేటు వేరు. అక్కడ నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, మీ ప్యాక్‌లో ఉన్న దేశపు ఆపరేటర్‌నే ఎంచుకోండి. ఓడ తీరం వదిలి సిగ్నల్ పోగానే మళ్ళీ ఫ్లైట్ మోడ్.

ఈ-సిమ్ కూడా వద్దనుకుంటే, రేవులో దిగిన ఓడ సిబ్బంది ఎటు వెళ్తున్నారో చూడండి. మంచి ఉచిత వైఫై ఎక్కడుందో వాళ్ళకి తెలిసినట్టు టూరిస్టు కరపత్రాలకు తెలియదు.

ప్రశ్న: స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక ఓడల్లో వేగం బాగుందంటున్నారు. వీడియో కాల్ కోసం ఖరీదైన ప్యాకేజీ తీసుకోవచ్చా?

పాత పద్ధతిలో ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. మాట వెళ్ళి జవాబు తిరిగి రావడానికే అర సెకనుకు పైగా పట్టేది, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసేవాళ్ళు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం బాగా తగ్గింది. రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండూ తమ ఓడల్లో దీన్ని పెడుతున్నట్టు 2022లో ప్రకటించాయి. మీ ఓడలో ఏముందో పేరుపెట్టి అడగండి.

ఆలస్యం తగ్గినంత మాత్రాన రద్దీ తగ్గదు. వేల మంది ఒకే గొట్టంలోంచి నీళ్ళు పట్టుకుంటున్నట్టు. రేవు లేని రోజు సాయంత్రం అతి నెమ్మది. తెల్లవారుజామున, లేదా అందరూ ఒడ్డుకు వెళ్ళిన రేవు రోజున బాగుంటుంది. నిటారు కొండల మధ్య, నార్వే ఫియర్డుల్లాంటి చోట్ల, ఆకాశమే సన్నగా కనిపిస్తుంది కాబట్టి తెగిపోతుంటుంది. రోజుకో పది నిమిషాల వీడియో కాల్ కోసమే అయితే ఖరీదైన ప్యాకేజీ వద్దు. రేవులో ఈ-సిమ్ మీద చేసుకోండి. రోజూ మీటింగులున్నవాళ్ళకే అది గిట్టుబాటు.

ప్రశ్న: ప్యాకేజీ ఉన్నా నెట్ ఎప్పుడూ ఈడుస్తూనే ఉంటుంది. ఏమైనా చేయొచ్చా?

మీ ఫోన్ మీకు తెలియకుండా ఏం పంపుతోందో చూడండి. పొద్దున తీసిన రెండొందల ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపండి. ఓడ వైఫై వివరాల్లోకి వెళ్ళి ఐఫోన్‌లో ‘లో డేటా మోడ్’, ఆండ్రాయిడ్‌లోను, విండోస్‌లోను ‘మీటర్డ్’ (డేటా పొదుపుగా వాడాల్సిన నెట్‌వర్కు) అని గుర్తు పెడితే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆండ్రాయిడ్ ‘డేటా సేవర్’ ఒక్కటే పెడితే లాభం లేదు, మీటర్డ్ అని చెప్పని వైఫైని అది పట్టించుకోదు. సినిమాలు, మ్యాపులు ఇంట్లోనే దించుకోండి.

ప్రశ్న: బయటి నెట్ వద్దు, ఓడలోనే పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవాలంటే?

కంపెనీ యాప్‌లోని చాట్ వాడండి. ప్యాకేజీ కొనకుండానే ఓడ వైఫై మీద నడుస్తుంది. కొన్ని కంపెనీల్లో ఉచితం, కొన్నిటిలో ప్రయాణం మొత్తానికి కొద్దిపాటి రుసుము. యాప్‌ని ఇంట్లోనే దించి, లాగిన్ అయి ఉంచండి. బయటి నెట్ లేనప్పుడు కొన్ని ఫోన్లలో మెసేజ్ వచ్చిన చప్పుడు రాదు. యాప్ తెరిస్తేనే కనిపిస్తుంది. కాబట్టి భోజనానికి ఎన్నింటికి, ఎక్కడ కలవాలో పొద్దున్నే నోటితో చెప్పి పంపండి.