నైట్ డ్యూటీలు మానేయమంటున్నారు, నేను నర్సుగా పనికిరానా?

ప్రశ్న: నా వయసు 28. బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో మూడు వందల పడకలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. చేతికి 21 వేలు వస్తాయి. నెలలో సగం నైట్ డ్యూటీలే, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది వరకు. ఇల్లు చేరి, స్నానం చేసి, వంట ముగించి పడుకునేసరికి పదకొండున్నర. మూడింటికి నాలుగేళ్ల బాబు బడి నుంచి వచ్చేస్తాడు. రాత్రిళ్లు వాణ్ని అత్తయ్య చూసుకుంటారు. ‘రాత్రంతా బయట ఉండే ఉద్యోగం ఇంటి కోడలికి ఎందుకు’ అని ఆమె రోజూ అంటారు. మావారు జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. ఆయనకు నైట్ ఉన్న వారం ఇంట్లో టీవీ కూడా పెట్టరు. నా విషయంలో మాత్రం అమ్మ ముందు మౌనంగా ఉండి, తర్వాత గదిలో నాతో గొడవపడతారు. కిందటి నెల వరుసగా ఐదో నైట్‌లో, వెంటిలేటర్ మీదున్న ముగ్గురు రోగులను ఒక్కదాన్నే చూస్తూ, మందు పంపు రేటు తప్పుగా పెట్టబోయాను. పక్క సిస్టర్ చూసి ఆపింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి పడుకున్నా నిద్ర రావడం లేదు. జర్మనీ పంపిస్తానని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. ఉద్యోగం వదిలేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి దగ్గరే ఉన్నాయి. నేను ఈ వృత్తికి పనికిరానా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: పనికివస్తారమ్మా. ముందు ఆ మాట మనసుకు పట్టించుకోండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. నిర్లక్ష్యంగా పనిచేసే మనిషి ఆ రాత్రిని మర్నాటికే మరిచిపోయేది. మీరు నెల రోజులుగా దాన్ని మోస్తున్నారు.

ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. మీ చేతి కింద ముగ్గురున్నారు, ముగ్గురూ వెంటిలేటర్ మీదే. ముగ్గురికీ సక్షన్ (గొంతులో కళ్లె తీయడం), ముగ్గురి మందు పంపులు, ముగ్గురి కేస్ షీట్లు. మూడున్నర గంటల పగటి నిద్రతో వరుసగా ఐదో రాత్రి ఇదంతా చేస్తున్న మనిషికి తెల్లవారుజామున పంపు మీది అంకె తప్పు కనిపిస్తే, దాన్ని ఆమె స్వభావంలోని లోపంగా లెక్కవేయడం అన్యాయం. ఆ వేళకు ఎంత అనుభవం ఉన్నవారి శరీరమైనా నిద్ర కోసం మొరపెడుతుంది. ఆ రాత్రి డ్యూటీల పట్టిక (రోస్టర్) వేసినవారికి, కొత్త నర్సులను తీసుకోకుండా ఉన్నవాళ్లతోనే నెట్టుకొస్తున్నవారికి ఇందులో మీకంటే పెద్ద వాటా ఉంది.

కానీ ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడం మాత్రం సరికాదు. తృటిలో తప్పిన పొరపాట్లను నమోదు చేసే పద్ధతి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. మీ దగ్గరా ఇన్సిడెంట్ ఫారం ఉండే ఉంటుంది. రాస్తే మెమో చేతికొస్తుందన్న భయం నాకు తెలుసు, అది ఊరికే పుట్టిన భయమూ కాదు. అందుకే ఒంటరిగా వెళ్లవద్దు. మిమ్మల్ని ఆపిన సిస్టర్‌ను వెంటబెట్టుకుని ముందు ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడండి. తర్వాత రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, సమయం, ఎంతమంది రోగులు, వరుసగా ఎన్నో నైట్, ఎవరు గమనించారు అన్నవి చాలు. క్షమాపణలతో నింపవద్దు. దాని కింద రెండు కోరికలు రాయండి: వెంటిలేటర్ బెడ్లు ఒకరికి ఒకటే ఇవ్వాలి, వరుస నైట్‌లు మూడు దాటకూడదు. కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మొదటిసారే రెండూ ఇస్తారని నేను అనుకోవడం లేదు. అయినా రాయాలి. రేపు అదే బెడ్ల దగ్గర నిలబడబోయే కొత్త అమ్మాయికి పక్కన చూసే సిస్టర్ ఉండకపోవచ్చు.

నిద్ర సంగతి తాత్సారం చేయకండి. నెల దాటింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ మీ ఇంటికి దగ్గరే. ఆ పేరు వింటే ఇంట్లో కంగారు పడతారనుకుంటే ముందు ఫోన్‌తోనే మొదలుపెట్టండి. ఎవరూ చూడకుండా వార్డులో దొరికే నిద్రమాత్ర వేసుకోవడం మాత్రం వద్దు.

ఇక ఇల్లు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ టీవీ మాట. రాత్రి పనిచేసిన మనిషికి పగలు నిద్ర కావాలని మీ ఇంట్లో అందరికీ తెలుసు. అత్తగారు, ఆఖరికి నాలుగేళ్ల పిల్లవాడు కూడా ఆ వారం గొంతు తగ్గించే మాట్లాడుతుంటాడు. ఆ మర్యాద మీ దాకా రాలేదంతే. కాబట్టి మీరు కొత్తగా అడగవలసింది ఏమీ లేదు. ‘ఆయనకు నైట్ ఉన్నప్పుడు ఇల్లు ఎలా ఉంటుందో నాకు ఉన్నప్పుడూ అలాగే ఉండాలి’ అని చెప్పండి. అంటే పొద్దున రాగానే వంట మీది కాదు. టిఫిన్ తిని పదింటికల్లా పడుకోవాలి, కనీసం నాలుగింటి దాకా ఎవరూ లేపకూడదు. మూడింటికి బాబును తీసుకొచ్చే పని ఇంకెవరైనా చూడాలి. నైట్‌లున్న రోజులకైనా వంటమనిషిని పెట్టుకోండి. మీ ఇద్దరి సంపాదనలో ఆ ఖర్చు దండగ కాదు.

అత్తయ్య మీద కోపం రావడం సహజమే. అయినా ఆమె వైపు నుంచి ఒకసారి చూడండి. నెలలో సగం రాత్రులు, ఆ వయసులో, తల్లి కోసం మారాం చేసే పిల్లవాణ్ని నిద్రపుచ్చుతున్నది ఆమే. ‘మీకు నడుము నొప్పిగా ఉందా అత్తయ్యా’ అని ఎవరైనా అడిగారా? ఆమె సణుగుడులో సగం అలసటేనని నాకు అనిపిస్తోంది. మిగతా సగం నలుగురు ఏమనుకుంటారో అన్న బెంగ. కోడలు రాత్రంతా ఏం చేస్తుందో ఆమెకు తెలిసే అవకాశం తక్కువ. ఆఫ్ ఉన్న సాయంత్రం పక్కన కూర్చుని చెప్పండి. ఊపిరి యంత్రం మీదున్న మనిషికి గొంతులో కళ్లె ఎలా తీస్తారో, మంచంలో పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎలా పక్కకు తిప్పుతారో, కళ్లు తెరిచిన రోజు ఆ ఇంటివాళ్లు మీ చేతులు పట్టుకుని ఏమంటారో. వాదన పెట్టకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

మీ భర్త ఈ జవాబు చదవాలని నా కోరిక. అయ్యా, మీ అమ్మగారికి జవాబు చెప్పవలసిన బాధ్యత మీది. భార్యతో గదిలో గొడవపడి మీరు ఎవరినీ కాపాడటం లేదు. ‘అమ్మా, ఆమె చేసేది నేను చేసే షిఫ్టు లాంటిదే, నేను మానను, ఆమెనూ మానమనను’ అని అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు మీరే అనాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ‘ఆ జీతానికి ఇంత అవస్థా’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని సిఫారసు చేసింది. 50 పడకలు కూడా లేని చిన్న ఆసుపత్రిలోనైనా 20 వేలకు తగ్గకూడదంది. అమలును రాష్ట్రాలకు వదిలేశారు. ఇన్నేళ్ల తర్వాత మూడు వందల పడకల ఆసుపత్రిలో మీరు అందుకుంటున్నది 21 వేలు. మీ చదువు విలువ అంత తక్కువని ఇంట్లోవాళ్లు అనుకుంటే అది మీ తప్పెలా అవుతుంది?

జర్మనీ చెడ్డ ఆలోచనేమీ కాదు. కానీ అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) కావాలి. సున్నా నుంచి మొదలుపెడితే ఏడాదికి పైగా గట్టిగా చదవాల్సిన చదువు అది. నాలుగు లక్షలు కట్టినంత మాత్రాన రాదు. 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ విచారించండి. అప్పటిదాకా పైసా ఇవ్వకండి.

ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. 2024లో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి రెండు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు. మీ ప్రైవేటు అనుభవం ఆ ఇరవైలోకి రాదు, కాబట్టి రాతపరీక్ష మీదే గట్టిగా నిలబడాలి. అక్కడా నైట్‌లు ఉంటాయని ఇంట్లో ముందే చెప్పండి.

సర్టిఫికెట్లు మీ సొత్తు. ఉద్యోగంలో చేరేటప్పుడు బాండు రాయించుకుని ఉండి, ఆ డబ్బు మీద పేచీ ఉంటే అది వేరే వ్యవహారం. దానికి తాకట్టుగా మీ చదువు కాగితాలను ఉంచుకునే హక్కు వారికి లేదు. తిరిగి ఇవ్వమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఆదాయం ఎంతైనా, న్యాయసహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100. అవి చేతికొచ్చేదాకా రాజీనామా ఇవ్వవద్దు, కోపంలో అసలే వద్దు. వచ్చే నెల రోస్టర్ పడేలోపు ఇన్‌ఛార్జి సిస్టర్‌ను కలవండి. ఆమె ఏమన్నదీ, ఇంట్లో ఏం తేలిందీ నాకు మళ్లీ రాయండి.