చందమామ నుంచి చందమామకు, ఎవరి కంటా పడకుండా

కథకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం కథ చుట్టూ తిరిగాయి. అంతరిక్షంలో స్థిరపడ్డ రెండు కుటుంబాలు, వాటి మధ్య పాత పగ, ఆ పగను దాటి చాటుగా ప్రేమించుకునే ఇద్దరు. వాటిలో కథ నడకకు పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా సీరియల్లో అమ్మాయిది అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్, అబ్బాయిది డైమోస్. ఇద్దరికీ ఇరవయ్యేళ్లు. రోజూ ఇంట్లోవాళ్లు పడుకున్నాక అమ్మాయి చిన్న నౌకలో వెళ్లి, తెల్లారేలోగా తిరిగొస్తుంది. ఇది కుదురుతుందా?

జవాబు: రోజూ కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే మీ కథకే బలం.

ఫోబోస్ అంగారకుడి కేంద్రం నుంచి సుమారు 9,400 కిలోమీటర్ల దూరంలో, 7 గంటల 39 నిమిషాలకో చుట్టు తిరిగేస్తుంది. డైమోస్ ఉండేది సుమారు 23,500 కిలోమీటర్ల దూరంలో. దానికి ఒక చుట్టుకు 30 గంటల పైనే పడుతుంది. లోపల తిరిగేది బయటిదాన్ని దాదాపు 10 గంటల 14 నిమిషాలకోసారి దాటిపోతుంది. తక్కువ ఇంధనంతో బయల్దేరడానికి అదను కూడా అంత వ్యవధికోసారే వస్తుంది. ఆ అదనులో బయల్దేరినా ప్రయాణం 8 గంటల 50 నిమిషాలు. చేరగానే వెనక్కి తిరుగుదామంటే ఫోబోస్ సరైన చోట ఉండదు, సుమారు 7 గంటలు ఆగాలి. మళ్లీ 8 గంటల 50 నిమిషాలు. మొత్తం 25 గంటలకు కాస్త తక్కువ. అంటే అమ్మాయి ఒక రోజంతా ఇంట్లో కనబడకుండా పోవాలి. ఆ రోజులో ఇద్దరూ కలిసి ఉండేది ఏడు గంటలు. ఆ ఏడు గంటలను వదులుకోకండి. వాళ్లు ఇంకో గంట ఉందామనుకున్నా గ్రహగతి ఒప్పుకోదు, ఆ అదను తప్పితే ఇంకో పది గంటలు ఇరుక్కుపోతారు.

ఇక ఇంధనం. వెళ్లడానికి వేగంలో సెకనుకు 750 మీటర్ల మార్పు కావాలి, రావడానికీ అంతే. ఖాళీ నౌక, మనిషి, సామాను కలిపి రెండు టన్నులనుకుంటే, మామూలు రసాయన ఇంధనంతో రానూపోనూ సుమారు 1,250 కిలోలు ఖర్చవుతుంది. పెరట్లోంచి మామిడిపండు తీసినట్టు అంత ఇంధనాన్ని ఎవరూ తీయలేరు. ట్యాంకు లెక్క చూసే మనిషి ఒకరు ఈ రహస్యంలో భాగం కాక తప్పదు. ఆ మనిషి ఎవరు, ఎందుకు నోరు విప్పడం లేదు? మీ రెండో అధ్యాయం అక్కడుంది.

మా సలహా ఒకటి. అంగారకుడి కేంద్రం నుంచి సుమారు 20,400 కిలోమీటర్ల దూరంలో తిరిగే ఉపగ్రహం నేలమీది ఒకే చోటికి పైన నిలిచినట్టు ఉంటుంది. సమాచార ఉపగ్రహాలకు అనువైన ఆ కక్ష్య ఫోబోస్‌కూ డైమోస్‌కూ మధ్యలో పడుతుంది. అక్కడ సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రిలే స్టేషన్ ఒకటి పెట్టి, మరమ్మతులకు రెండు కుటుంబాలూ వంతులవారీగా మనుషుల్ని పంపాలన్న ఒప్పందం పెట్టండి. పగవాళ్లయినా సిగ్నల్ ఇద్దరికీ కావాలి. ఒకరి వంతు ముగిసి మరొకరిది మొదలయ్యే ఆ కాసేపే మీ జంట కలుసుకునే సమయం.

ప్రశ్న: కలవని రోజుల్లో ఇద్దరూ లేజర్‌తో సైగలు చేసుకుంటారని రాశాను. రేడియో అయితే అందరూ వింటారు కదా. ఇది సరైనదేనా?

జవాబు: ఆలోచన చాలా బాగుంది, కొలతలు మాత్రం చూసుకోండి. ఈ రెండు ఉపగ్రహాలూ దగ్గరకొచ్చినప్పుడు మధ్య దూరం 14,000 కిలోమీటర్లు. చేతిలో పట్టుకునే లేజర్ కిరణం వెయ్యి మీటర్లకు ఒక మీటరు చొప్పున వెడల్పవుతుంది. అంత దూరం వెళ్లేసరికి 14 కిలోమీటర్లు పరుచుకుంటుంది. డైమోస్ సగటు వెడల్పే పన్నెండు కిలోమీటర్ల చిల్లర. అంటే అమ్మాయి సైగ అబ్బాయి ఒక్కడి మీద కాక వాళ్ల ఊరంతా పడుతుంది. మామూలు కంటికి అది అతి మసక చుక్కే, కానీ దారి చూసుకోవడానికి నక్షత్రాలను గమనించే కెమెరాకు దొరికిపోతుంది.

అదే లేజర్‌ను 20 సెంటీమీటర్ల టెలిస్కోప్‌లో కళ్లు పెట్టే వైపు నుంచి పంపితే, అవతల పడే మచ్చ వంద మీటర్లకు మించదు. 5 మిల్లీవాట్ల పచ్చ లేజర్ చాలు, అబ్బాయి కిటికీలో శుక్రగ్రహమంత కాంతితో మెరుస్తుంది. పక్క కిటికీకి తెలియదు. వచ్చిన చిక్కల్లా గురి. వంద మీటర్ల మచ్చను అంత దూరంలో నిలపాలంటే చేతితో అయ్యే పని కాదు, మోటారు బిగించిన స్టాండు కావాలి. స్టాండు కాస్త వణికిందా, సైగ పక్కింటి కిటికీలో పడుతుంది.

ఇంకో సంగతి. రెండు ఉపగ్రహాలూ ఎప్పుడూ ఒకే ముఖాన్ని అంగారకుడి వైపు తిప్పి ఉంచుతాయి. డైమోస్ దగ్గరకొచ్చినప్పుడు చూడాలంటే అమ్మాయి గది ఫోబోస్ అవతలి ముఖాన, అంటే అంగారకుడు ఎన్నడూ కనబడని వైపు ఉండాలి. అందరూ ఎర్రటి గ్రహం కనిపించే గదుల కోసం పోటీపడుతుంటే, ఈ పిల్ల అది కనబడని వైపు గది కోరుకుంది. తల్లికి మొదటి అనుమానం అక్కడే రావచ్చు.

ప్రశ్న: స్టేషన్లో సరుకుల గదిలో కలుసుకుంటారు. కెమెరాలు ఆపేశారు. అయినా పట్టుబడాలి, కానీ ఎవరో చూసేశారని రాయడం నాకు ఇష్టం లేదు. దారి చెప్పండి.

జవాబు: ఊపిరే పట్టిస్తుంది.

మనిషి రోజుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గంటకు ఇరవై రెండు లీటర్ల పైచిలుకు. ఇరవై ఘనమీటర్ల గదిలో తలుపు మూసుకుని ఇద్దరుంటే గంటకు 0.2 శాతానికి పైగా పెరుగుతుంది. ఖాళీగా ఉండాల్సిన గదిలో గాలిని కొలిచే పరికరం చూపే గీత పైకి లేవడం తెర ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. పెరిగే వేగాన్ని బట్టి లోపల ఉన్నది ఒకరా ఇద్దరా అన్నదీ తెలుస్తుంది. కథకు ఇంతకన్నా ఏం కావాలి! ఆ గీత చూసి లెక్కవేసి, ఎవరికీ చెప్పకుండా తుడిచేసిన మేనత్త ఒకావిడ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

గదికి గాలి వచ్చే మార్గం మూసేస్తే మిగతా స్టేషన్‌కు తెలియదనుకుంటారేమో. అప్పుడు లోపలివాళ్లకు ప్రమాదం. భారరహిత స్థితిలో వేడి గాలి పైకి పోవడమంటూ ఉండదు. ఫ్యాను తిరగకపోతే వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే ముద్దగా నిలిచిపోతుంది. ఒకరి ముఖంలో ముఖం పెట్టి గుసగుసలాడుకునే జంటకు ముందు తల బరువెక్కుతుంది, తర్వాత కణతలు నొప్పి పెడతాయి, ఆలోచన మందగిస్తుంది. ఆ మత్తును ప్రేమ తాలూకు మైకమని వాళ్లు పొరబడవచ్చు.

తెలివైన పిల్లలైతే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే లిథియం హైడ్రాక్సైడ్ పొడి డబ్బా తెచ్చుకుంటారు. ఇద్దరు రెండు గంటలుంటే పీల్చాల్సిన కార్బన్ డయాక్సైడ్ 170 గ్రాములు, దానికి పావు కిలో పొడి సరిపోతుంది. గాలిని ఆ పొడిగుండా నెట్టే చిన్న ఫ్యాను తప్పనిసరి. డబ్బా వేడెక్కుతుంది, తేమ వదులుతుంది. పొడి లీకైతే కళ్లు, గొంతు మండిపోతాయి. మర్నాడు ఇద్దరికీ ఒకేలా కళ్లు ఎర్రబడి ఉంటే అదొక ఆధారం. స్టోర్లో ఒక డబ్బా తగ్గడం ఇంకొకటి.

ప్రశ్న: రెండు కుటుంబాల పగకు కారణం దొరకడం లేదు. ఆస్తి, పరువు అన్నీ భూమ్మీది కథల్లా ఉన్నాయి.

జవాబు: తలుపు మీద రాయండి.

గాలి పీడనం చదరపు మీటరుకు దాదాపు పది టన్నులు. 80 సెంటీమీటర్ల గుండ్రటి తలుపుకు ఒకవైపు పూర్తి గాలి, మరోవైపు శూన్యం ఉంటే, దానిమీద ఐదు టన్నుల బలం పడుతుంది. గాలి ఉన్న వైపుకు తెరుచుకునే తలుపయితే ఆ బలమే దాన్ని బిగించేస్తుంది. తేడా పదో వంతే ఉన్నా అర టన్ను. చేతులతో లాగి తీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు చూడండి. ఇరవై ఏళ్ల కింద ఒక ప్రమాదంలో గాలి పోతోంది. ఒక కుటుంబం తలుపు మూసింది. రెండో కుటుంబంవాళ్లు అవతల ఉండిపోయారు. ‘మావాళ్లు తలుపు కొడుతుంటే విన్నారు, అయినా తీయలేదు’ అంటారు వీళ్లు. ‘విన్నాం, ముగ్గురం కలిసి లాగాం, రాలేదు’ అంటారు వాళ్లు. రెండు మాటలూ నిజమే. ఒకరు దుర్మార్గులయితే పాఠకుడు పక్షం ఎంచుకుని ఊరుకుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నప్పుడు పగ తరాలు నిలుస్తుంది. తలుపు పక్కన పీడనం సమం చేసే చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని తిప్పారా లేదా అన్న ప్రశ్న కథ చివరిదాకా దాచుకోండి. తిప్పితే ఇవతలి గాలి కూడా పోయేది. ఇవతల ఆ రోజు ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ ఎవరో మీకు తెలుసు.

ప్రశ్న: క్లైమాక్సులో అమ్మాయి సూట్ తొడుక్కుని రెండు నిమిషాల్లో బయటికి దూకుతుంది. అబ్బాయి హెల్మెట్ తీసి ఆమె పేరు పిలుస్తాడు. బాగుంటుందా?

జవాబు: రెండూ మార్చాలి. ఇప్పటి స్పేస్‌సూట్లలో పీడనం మన గాలిలో మూడో వంతుకన్నా తక్కువ, లోపల ఉండేది స్వచ్ఛమైన ఆక్సిజన్. మామూలు గాలి పీల్చిన మనిషి నేరుగా అందులోకి వెళితే రక్తంలోని నైట్రోజన్ బుడగలు కడుతుంది. అందుకే ముందుగా చాలాసేపు ఆక్సిజన్ మాత్రమే పీల్చాలి. ఆగకుండా వెళ్లిందంటే కీళ్లు విరుచుకుపోయే నొప్పితో వెళ్లినట్టే. అది తెలిసే వెళ్లిందని రాస్తే సన్నివేశం నిలుస్తుంది.

హెల్మెట్ తీస్తే మాట పుట్టదు, పుట్టినా శూన్యంలో వినబడదు. 1966లో హ్యూస్టన్‌లో శూన్య గదిలో సూట్ పరీక్షిస్తుండగా గొట్టం ఊడి ఒక నాసా ఉద్యోగి 14 సెకన్లకే స్పృహ తప్పారు. నాలుకమీద ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించడం ఆయనకు మిగిలిన చివరి జ్ఞాపకం. వెంటనే గాలి నింపడంతో కోలుకున్నారు. మీ అబ్బాయి హెల్మెట్ తీయక్కర్లేదు. రేడియో కట్టేసి, తన హెల్మెట్‌ను ఆమె హెల్మెట్‌కు ఆనిస్తే చాలు. గాజుగుండా మాట వెళుతుంది, మూడో మనిషికి వినబడదు.

ప్రశ్న: భారరహిత స్థితిలో కన్నీళ్లు జారతాయా?

జవాబు: జారవు. కంటిమీదే నీటి ముద్దలా అతుక్కుని పెరుగుతాయి, ముక్కు మీదుగా రెండో కంటికి పాకుతాయి. 2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రంలో కంట్లో నీళ్లు వేసుకుని ఇది చూపించారు. గుడ్డతో అద్ది తీయాలి.

ప్రశ్న: పెద్దలు విడదీశాక అబ్బాయి దూరనక్షత్రానికి వెళ్లే నౌక ఎక్కుతాడు. తిరిగొచ్చేసరికి ఆమె ముసలిదైపోయి, అతను కుర్రవాడిగానే ఉండాలి. లెక్క చెప్పండి.

జవాబు: టౌ సెటి నక్షత్రం దాదాపు 12 కాంతి సంవత్సరాల దూరం. కాంతి వేగంలో 80 శాతంతో వెళ్లొస్తే ఇంటి దగ్గర 30 ఏళ్లు, నౌకలో 18 ఏళ్లు గడుస్తాయి. భూమ్మీది బరువుకు సమానమైన త్వరణంతో ఆ వేగం అందుకోవడానికే ఏడాది పైన పడుతుంది, ఆపడానికీ అంతే. కాబట్టి ఇద్దరి లెక్కలోనూ రెండేసి ఏళ్లు కలపండి. ఆమెకు 52, అతనికి 40. ముసలమ్మా కాదు, కుర్రవాడూ కాదు. మాకు ఈ వయసులే ఎక్కువ నచ్చాయి.

ఉత్తరాల సంగతి కూడా వాడుకోండి. త్వరణం పక్కన పెట్టి చూస్తే, అతను నెలకొకటి చొప్పున రాసి పంపే ఉత్తరాలు, వెళుతున్నంత కాలం ఆమెకు మూడు నెలలకొకటే అందుతాయి. అతను వెనుదిరిగిన కబురు కూడా పన్నెండేళ్లు ప్రయాణించి రావాలి. అందువల్ల మొదటి 108 ఉత్తరాలు 27 ఏళ్లపాటు ఒక్కొక్కటిగా వస్తాయి. మిగతా 108 చివరి మూడేళ్లలో, నెలకు మూడు చొప్పున.