నాన్నగారి ఫోన్ తెలుగులో చదవాలంటే

గ్లకోమాతో చూపు తగ్గిన మీ నాన్నగారికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేశారు, కానీ అది తెలుగు మెసేజ్‌లు చదవడం లేదన్నారు కదండీ. చాలావరకు తెలుగు వాయిస్ లేకపోవడమే కారణం. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని వెతికి, గూగుల్ ఇంజిన్ ఎంచుకుని, తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేసి, భాష తెలుగు పెట్టండి. వేగం బాగా తగ్గించండి. గబగబా చదివేస్తుంటే పెద్దవాళ్లు టెన్షన్ పడి ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఇది ఆయన చేతే చేయించండి, దయచేసి మీరు చేసిపెట్టకండి.

హైదరాబాద్ దగ్గర్లో ఉంటే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తప్పక తీసుకెళ్లండి. మిగిలిన చూపును వాడుకోవడం, కర్రతో నడవడం నేర్పే పునరావాస విభాగం అక్కడ ఉంది. విండోస్ కంప్యూటర్‌కైతే ఇలాగే తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.